చూపు వెనుక గొలుసు: జార్జి వాల్డ్ జీవితం

పొద్దుగుంకే వేళకు పశువులు ఇంటికి చేరుతాయి. పగలంతా వీధిలో చెంగుచెంగున గెంతిన పిల్లవాడు ఆ వేళకు గోడ పట్టుకుని నడుస్తాడు. గడప తగిలి పడతాడు. కంచంలో అన్నం ఎటువైపున్నదో చేత్తో తడుముకుంటాడు. తెల్లవారితే మళ్ళీ మామూలే. దీనినే మనవాళ్ళు రేచీకటి అన్నారు. దిష్టి అన్నవారున్నారు, గ్రహచారం అన్నవారున్నారు. మేక కార్జం తినిపించమని, మునగాకూ పొన్నగంటి కూరా కళ్ళకు మంచివని చెప్పిన పెద్దలూ ఉన్నారు. ఈ చివరివారి మాటే నిజం. అయితే ఎందుకు నిజం? కార్జంలో ఉన్న ఒక పదార్థానికీ, కంటిలో పడే వెలుతురుకూ సంబంధం ఏమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలో ఒక మనిషి తన జీవితంలో నలభై ఏళ్ళకు పైగా గడిపాడు. ఆయనే జార్జి వాల్డ్. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివే మనబోటి వారికి ఆయన పేరు కంటి పాఠంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. నోబెల్ బహుమతి, సంవత్సరం, అంతే. కాని ఆయన కనిపెట్టినది ఒక పదార్థాన్ని కాదు, ఒక గొలుసును. కంటి జబ్బులలో కొన్నిటికి ఈనాడు చేస్తున్న వైద్యం ఆ గొలుసులో ఏ లంకె తెగిందో చూసి అక్కడ అతుకు వేయడమే. అందుకే ఆయన జీవితాన్ని కాస్త వివరంగా తెలుసుకోవాలి.

జార్జి వాల్డ్ 1906 నవంబరు 18న న్యూయార్కు నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఇద్దరూ యూరపు నుండి బ్రతుకుతెరువు కోసం వలస వచ్చిన యూదులు. తండ్రి పోలండు వైపునుంచి వచ్చిన దర్జీ. తల్లిది జర్మనీలోని బవేరియా ప్రాంతం. కుట్టుపని మీద బతికే ఇంట్లో పిల్లవాడు బ్రూక్లిన్ పేటలో పెరిగాడు. చేతిపనులంటే ఇష్టం, నలుగురి ముందు మాట్లాడటమన్నా వేషం వేయటమన్నా ఇంకా ఇష్టం. న్యూయార్కు యూనివర్సిటీలో చేరినపుడు సైన్సే తన దారి అన్న నిశ్చయం లేదు. లా అనుకున్నాడు, మెడిసిన్ అనుకున్నాడు. ఒక వైద్య పరిశోధకుని జీవితం మీద సింక్లెయిర్ లూయిస్ రాసిన నవల చదివిన తర్వాత మనసు పరిశోధన వైపు మళ్ళింది. 1927లో డిగ్రీ పూర్తి చేసి కొలంబియా యూనివర్సిటీలో జువాలజీ పరిశోధక విద్యార్థిగా చేరాడు.

అక్కడ దొరికిన గురువు సెలిగ్ హెక్ట్. వెలుతురు పడినపుడు ప్రాణులు ఎలా స్పందిస్తాయో కొలిచి లెక్కలు కట్టడంలో ఆ కాలంలో ఆయన మేటి. కంటిలో వెలుతురును పట్టుకునే రసాయన పదార్థం ఒకటి ఉండాలని, వెలుతురులో అది విరిగి చీకటిలో మళ్ళీ కూడుతుందని హెక్ట్ లెక్కలు చెప్పాయి. ఆ పదార్థం ఏమిటో మాత్రం లెక్కలు చెప్పవు గదా. శిష్యుడికి అదే పట్టుకున్నది. అణువును చేతితో తాకి చూడాలన్న పట్టుదలతో వాల్డ్ 1932లో డాక్టరేటు పుచ్చుకుని బయటపడ్డాడు.

అప్పటికి తెలిసినది ఇంత. 1876లో ఫ్రాంజ్ బోల్ అనే శాస్త్రజ్ఞుడు రోములో కప్ప కంటిలోని రెటినాను పరీక్షిస్తూ, చీకటిలో ఉంచిన రెటినా ఎర్రగా ఉండి వెలుతురులో వెలిసిపోవడం గమనించాడు. వెంటనే హైడెల్‌బర్గులో విల్‌హెల్మ్ క్యూనే దానిని బయటికి తీసి పరిశీలించి, అది ప్రోటీను స్వభావం గల రంగుపదార్థమని చెప్పాడు. దానికి రోడాప్సిన్ అని పేరు వచ్చింది. ఇదంతా ఒక దారి. రెండవ దారి ఆహారానిది. విటమిన్ ఎ లేని తిండి పెట్టిన ఎలుకలలో ఈ రంగుపదార్థం నెమ్మదిగా తయారవుతున్నదని 1925లో డెన్మార్కు పరిశోధకులు ఫ్రిడెరిషియా, హోమ్ చూపారు. 1931లో స్విట్జర్లండులోని జూరిక్ నగరంలో పాల్ కారర్ విటమిన్ ఎ అణునిర్మాణం తేల్చాడు. ఇరవై కార్బన్ల అణువు. మునగాకులో, క్యారెట్టులో ఉండే బీటా కెరోటిన్ నలభై కార్బన్ల అణువు, దానిని మధ్యకు విరిస్తే వచ్చేది ఇదే. రెండు దారులూ ఎక్కడో కలుస్తాయని చాలామందికి అనుమానం. కలిసే చోటు మాత్రం ఎవరూ చూడలేదు.

వాల్డ్ ఫెలోషిప్పు మీద జర్మనీ వెళ్ళి బెర్లిన్ దగ్గర డాలెంలో ఓటో వార్‌బర్గ్ ప్రయోగశాలలో చేరాడు. వార్‌బర్గ్ అప్పటికి నోబెల్ గ్రహీత. కుర్రవాడి వయసు 26. పశువుల, గొర్రెల, పందుల, కప్పల కళ్ళు తెచ్చి రెటినాలు వేరుచేసి, వాటినుంచి కొవ్వులో కరిగే భాగాన్ని తీసి ఆంటిమొనీ ట్రైక్లోరైడు కలిపాడు. విటమిన్ ఎ ఉంటే నీలిరంగు వస్తుంది. వచ్చింది. రెటినాలో విటమిన్ ఎ ఉన్నది! ఒక విటమిను శరీరంలో ఫలానా చోట, ఫలానా పని కోసం ఉన్నదని చెప్పడం ఆ రోజులలో చాలా అరుదైన విషయం. దీనిని ఖాయం చేసుకోవడానికి నేరుగా జూరిక్ వెళ్ళి కారర్ వద్దనే పనిచేశాడు. 1933లో ఫలితం ప్రచురించబడింది.

ఆ సంవత్సరమే జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. వాల్డ్ అప్పుడు హైడెల్‌బర్గులో ఓటో మేయర్‌హోఫ్ ప్రయోగశాలకు మారాడు. అక్కడ కండరాల మీద పని. యూదు కుర్రవాడిని ఇక అక్కడ ఉంచడం క్షేమం కాదని ఫెలోషిప్పు ఇచ్చినవారు వెనక్కు రమ్మన్నారు. వేసవి సెలవులకు ప్రయోగశాలలో అందరూ వెళ్ళిపోయారు. సరిగ్గా అప్పుడే 300 దాకా కప్పలు పార్సెలులో వచ్చి దిగాయి. వాటితో పని ఉన్నవారెవరూ లేరు. వదిలేద్దామనుకుంటున్న వాటిని వాల్డ్ అడిగి తీసుకున్నాడు.

ఆ కప్పలతోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. చీకటిలో ఉంచిన కప్ప రెటినా ఊదారంగుగా ఉంటుంది. వెలుతురు చూపగానే పసుపు నారింజ రంగుకు మారుతుంది. కొంతసేపటికి ఆ రంగూ పోయి తెల్లబడుతుంది. తెల్లబడిన దానిలో ఉన్నది విటమిన్ ఎ. మరి మధ్యలో వచ్చిన పసుపు ఏమిటి? పరీక్షించి చూస్తే అది విటమిన్ ఎ కాదు, దానికి దగ్గరి చుట్టం. ఆయన దానికి రెటినీన్ అని పేరు పెట్టాడు. అది విటమిన్ ఎ తాలూకు ఆల్డిహైడు అని 1944లో ఇంగ్లండులో మోర్టన్ నిర్ధారించాడు. అందువల్ల ఈనాడు రెటినాల్డిహైడు అంటున్నాం.

ఇక గొలుసు ఇలా ఏర్పడింది. ఆప్సిన్ అనే ప్రోటీనూ, రెటినీనూ జతకడితే రోడాప్సిన్. వెలుతురు పడితే ఆ జత విడిపోతుంది. రెటినీన్ విటమిన్ ఎ గా మారుతుంది. ఆ విటమిన్ ఎ మళ్ళీ రెటినీన్‌గా మారి ఆప్సిన్‌తో కూడితే తిరిగి రోడాప్సిన్. చుట్టూ తిరిగే చక్రమే గాని ప్రతి చుట్టుకూ కొంత విటమిన్ ఎ ఖర్చయి పోతూ ఉంటుంది. ఆ లోటును రక్తం తీర్చాలి. రక్తానికి కాలేయం ఇవ్వాలి. కాలేయానికి తిండి ఇవ్వాలి. ఏతం వేసినంతసేపూ కాలువలో నీరు పారినట్లున్నా, బావిలో ఊట లేకపోతే ఎంతసేపు? పగటి వెలుగు దండిగా ఉంటుంది గనుక ఉన్న కొద్దిపాటి రంగుపదార్థంతోనే పని జరిగిపోతుంది. మసక వెలుతురులో పనిచేసే దండకణాలకు రోడాప్సిన్ నిండుగా కావాలి. అది లేనివాడికి పొద్దు గుంకగానే లోకం చీకటి. అదీ రేచీకటి సంగతి.

అమెరికా తిరిగి వచ్చి షికాగోలో ఒక ఏడాది గడిపి, 1934లో వాల్డ్ హార్వర్డ్ యూనివర్సిటీలో చేరాడు. మరి 1977లో రిటైరయ్యే వరకు అక్కడనే. ఆ ప్రయోగశాలలో ఇద్దరి పేర్లు తప్పక చెప్పాలి. ఒకరు పాల్ బ్రౌన్. ఆయన సహాయకుడుగా చేరి చివరికి సాటి పరిశోధకుడయ్యాడు. మరొకరు రూత్ హబ్బర్డ్. ఈమె వియన్నాలో పుట్టి, నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన 1938లో కుటుంబంతో అమెరికా చేరింది. గొలుసులో అతి ముఖ్యమైన లంకె ఈమె చేతిమీదుగా దొరికింది.

సమస్య ఇది. సీసాలోంచి తీసిన విటమిన్ ఎ నుండి రెటినీన్ చేసి ఆప్సిన్‌తో కలిపితే ఒక్కొక్కసారి రోడాప్సిన్ వస్తుంది, ఒక్కొక్కసారి రాదు. అణుసూత్రం ఒకటే, బరువు ఒకటే, మరి తేడా ఎక్కడ? తేడా ఆకారంలో ఉన్నది. మన కెమిస్ట్రీ క్లాసులో సిస్, ట్రాన్స్ ఐసోమర్లని చెప్తారు గదా, అదే. రెటినీన్ తోకలో ద్విబంధాలు వరుసగా ఉంటాయి. అన్నీ ట్రాన్స్ అయితే తోక తిన్నగా ఉంటుంది. పదకొండవ కార్బన్ దగ్గర ఉన్నది సిస్ అయితే తోక మడిగి వంకరగా ఉంటుంది. ఆప్సిన్ గూటిలో ఇమిడేది ఆ వంకర అణువొక్కటే. ఇంత ఇరుకుగా మడిగిన అణువు నిలవడం కష్టమని రసాయన శాస్త్రజ్ఞుల అంచనా. కంటికి కావలసింది సరిగ్గా ఆ ఇరుకు అణువేనని తేలింది. హబ్బర్డ్, వాల్డ్ కలిసి 1952 నుంచి ప్రచురించిన ఫలితాల సారం ఇది.

దీనినుంచి వచ్చిన మాట ఎంతో గొప్పది. వెలుతురు కంటిలోకి వచ్చి చేసే పని ఒక్కటే. వంకరగా ఉన్న ఆ తోకను తిన్నగా చేయడం. మనం చదివే అక్షరం, చూసే చేను, గుర్తుపట్టే ముఖం అన్నిటికీ మొదలు ఆ చిన్న కదలికే. అది ఒక సెకనులో లక్షకోట్ల వంతు కన్న తక్కువ కాలంలో జరిగిపోతుందని 1991లో కొలిచారు. తోక తిన్నబడగానే ఆప్సిన్ ఆకారం మారుతుంది. అది ట్రాన్స్‌డ్యూసిన్ అనే మరో ప్రోటీనును లేపుతుంది. అది ఒక ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైము సైక్లిక్ జి.ఎం.పి. అనే చిన్న అణువులను కరగదీస్తుంది. అవి తగ్గగానే కణంపొరలోని ద్వారాలు మూసుకుని విద్యుత్తు మారుతుంది. ఆ మార్పే నరానికి వార్త. ఒక్కొక్క మెట్టులో ఒకటి పదులై, వందలై పెరుగుతుంది గనుక ఒకే ఒక్క వెలుగురేణువు ఒక దండకణాన్ని కదిలించగలదు. ఈ తరువాతి మెట్లు వేరేవారు కనిపెట్టినవి. మొదటి మెట్టు మాత్రం వాల్డ్ బృందానిది.

ఆయన శిష్యుడు జాన్ డౌలింగ్‌తో కలిసి 1958, 1960లలో ఎలుకలపై చేసిన ప్రయోగాలు వైద్యానికి ఇంకా దగ్గరివి. విటమిన్ ఎ ఆపేస్తే మొదట కాలేయంలోని నిలువ తరుగుతుంది. తర్వాత రక్తంలో తగ్గుతుంది. ఆపైన కంటిలో రోడాప్సిన్ తగ్గి రేచీకటి వస్తుంది. ఇంతవరకు విటమిన్ ఎ ఇస్తే చూపు తిరిగి వస్తుంది. ఇంకా ఆలస్యం చేస్తే జత లేని ఆప్సిన్ కూడా చెడిపోతుంది, ఆ తర్వాత కణమే కూలిపోతుంది. ఇక ఎంత ఇచ్చినా లాభం లేదు. గడువు దాటితే మందు మందు కాదన్నమాట. రెండవ ప్రయోగం మరీ విచిత్రం. విటమిన్ ఎ బదులు దాని ఆమ్లరూపం ఇచ్చిన ఎలుకలు చక్కగా పెరిగాయి, వెంట్రుక నిగనిగలాడింది, కాని గుడ్డివైపోయాయి. శరీరం ఆల్డిహైడును ఆమ్లంగా మార్చగలదు గాని ఆమ్లాన్ని వెనక్కు మార్చలేదు. కాబట్టి విటమిన్ ఎ కు రెండు వేరువేరు ఉద్యోగాలు. ఆల్డిహైడు రూపంలో చూపు, ఆమ్ల రూపంలో చర్మం, కంటిపొరలు మొదలైన వాటి రక్షణ. పిల్లలలో విటమిన్ ఎ బాగా తగ్గినపుడు రేచీకటితో ఆగక తెల్లగుడ్డు మీద బిటాట్ మచ్చలు రావడం, నల్లగుడ్డు ఎండి మెత్తబడి చివరికి కన్నే పోవడం ఈ రెండవ ఉద్యోగం ఆగిపోవడం వల్లనే.

1964లో బ్రౌన్, వాల్డ్ మనిషి కంటిలోని శంకుకణాలను ఒక్కొక్కదానినే సూక్ష్మదర్శినిలో కొలిచి, రంగులు చూడటానికి మూడు రకాల రంగుపదార్థాలున్నాయని చూపారు. అదే ఏడాది మరొక బృందమూ ఇదే చూపింది. మూడింటిలోనూ రెటినీన్ ఒక్కటే, మారేది ఆప్సిన్. 1967లో వాల్డ్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కంటి నరాల విద్యుత్తుపై పనిచేసిన రాగ్నార్ గ్రానిట్, కెఫర్ హార్ట్‌లైన్ మిగతా ఇద్దరు. వాల్డ్, హబ్బర్డ్ 1958లో వివాహం చేసుకున్నారు. నోబెల్‌లో ఆమె పేరు లేదు. ఆనాటి ప్రయోగశాలల్లో ఆడవారి స్థానం ఎలాంటిదో తర్వాతి రోజులలో ఆమె ఎంతగానో రాసింది. హార్వర్డ్ బయాలజీలో శాశ్వత ప్రొఫెసరు పదవి పొందిన మొదటి మహిళ ఆమే.

మరి ఈ గొలుసు జబ్బుపడిన కంటికి ఎలా ఉపయోగపడింది? ఒక్కొక్క లంకె తీసుకుని చూద్దాం.

మొదటి లంకె తిండి. ఇక్కడ తెగితే అతుకు చాలా చవక. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పల్లె పిల్లలకు విటమిన్ ఎ పెద్దమోతాదులో ఒకేసారి నోట పోసి పరీక్షించారు. కాలేయం దానిని నెలల తరబడి నిలువ చేసుకుంటుంది గనుక రోజూ మందు వేయనక్కరలేదు. ఆ ఫలితాల ఆధారంగా 1970లో భారత ప్రభుత్వం దేశవ్యాప్త పథకం మొదలుపెట్టింది. ఏడాది దాటిన పిల్లలకు ఐదేళ్ళు వచ్చేదాకా ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల ద్రావకం. 1983లో ఇండొనేషియా పరిశోధనలలో ఆల్‌ఫ్రెడ్ సోమర్ ఇంకొక సంగతి బయటపెట్టాడు. కొద్దిపాటి రేచీకటి ఉన్న పిల్లలు కూడా మిగతా పిల్లలకన్న ఎక్కువగా చనిపోతున్నారు. అంటే రేచీకటి కంటి జబ్బు మాత్రమే కాదు, ప్రాణానికి వచ్చిన హెచ్చరిక.

రెండవ లంకె ఆప్సిన్. దాని జన్యువులో తప్పు ఉంటే తిండి ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. ఆప్సిన్ 348 అమైనో ఆమ్లాల దండ. 23వ పూస ప్రోలీన్‌కు బదులు హిస్టిడిన్ అయినందున రెటినైటిస్ పిగ్మెంటోజా అనే వంశపారంపర్యపు అంధత్వం వస్తున్నదని 1990లో థాడియస్ డ్రైజా బృందం చూపింది. ఈ జబ్బుకూ మొదటి గుర్తు రేచీకటే. గ్రామంలో చూస్తే రెండు రేచీకట్లూ ఒకలాగే ఉంటాయి. ఒకటి చెంచాడు మందుతో పోతుంది, మరొకటి పోదు. తేడా తెలిసేది అణువుల దగ్గరకు వెళ్తేనే.

మూడవ లంకె తిన్నబడిన తోకను తిరిగి వంకర చేసే ఎంజైము. ఇది రెటినా వెనుక ఉండే వర్ణకకణాల పొరలో ఉంటుంది. పేరు ఆర్.పి.ఇ.65. దీని జన్యువు చెడితే విటమిన్ ఎ రాశులుగా ఉండి కూడా 11-సిస్ రూపం తయారుకాదు. బిడ్డ పుట్టుకతోనో పసితనంలోనో చూపు కోల్పోతుంది. ఈ సంబంధం తేలినది 1997లో.

నాలుగవది చెత్త ఎత్తిపోసే లంకె. వాడిన రెటినీన్‌ను బయటికి పంపే ప్రోటీను చెడితే అది పేరుకుని విషపు పదార్థంగా మారి కణాలను చంపుతుంది. స్టార్‌గార్ట్ జబ్బు ఇదే. దీని జన్యువు కూడా 1997లోనే దొరికింది. ఇక్కడ వైద్యం తలకిందులు. విటమిన్ ఎ ఎక్కువైతే కీడు. కంటికి అది చేరే వేగాన్ని తగ్గించే మందులకోసం పరిశోధనలు నడుస్తున్నాయి. విటమిన్ ఎ కంటికి మంచిదని ఎవరికి పడితే వారికి ఇవ్వరాదని దీనివల్ల తెలుస్తుంది. ఏ లంకె తెగిందో తెలియకుండా వేసే మందు గుడ్డి మందే.

ఇంతవరకూ శాస్త్రజ్ఞుని కథ. కాని వాల్డ్ ప్రయోగశాల తలుపు వేసుకుని కూర్చున్న మనిషి కాడు. సైన్సు చదవని మొదటి సంవత్సరం విద్యార్థులకు ఆయన చెప్పిన జీవశాస్త్రం పాఠాలకు హాలు నిండిపోయేది. వియత్నాం యుద్ధాన్ని మొదటినుంచీ వ్యతిరేకించాడు. 1969 మార్చి 4న మసాచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జరిగిన సభలో, కాగితం చూడకుండా చేసిన ప్రసంగంలో, విద్యార్థులు ఎందుకు అశాంతిగా ఉన్నారో, అణ్వాయుధాల నీడలో వారికి భవిష్యత్తు మీద నమ్మకం ఎందుకు పోయిందో చెప్పాడు. పత్రికలు దానిని పూర్తిగా అచ్చువేశాయి. నోబెల్ గ్రహీత అయివుండి ఇవన్నీ ఎందుకని అడిగినవారున్నారు. కన్ను ఎలా చూస్తుందో తెలిసినవాడు ఎదుట జరిగేది చూడకుండా ఉండలేకపోయాడు, అంతే.

ఇక్కడ ఆయన జీవితంలో ఒక చిక్కుముడి వస్తుంది. 1976లో హార్వర్డ్‌లో జన్యువులను కత్తిరించి అతికే పరిశోధనకు ఒక ప్రత్యేక ప్రయోగశాల కట్టబోయారు. ఊరి నడిబొడ్డున ఇది వద్దని వాల్డ్, హబ్బర్డ్ ఇద్దరూ బహిరంగంగా ఎదిరించారు. మనిషి చేసిన కొత్త ప్రాణి ఒకసారి బయటికి పోతే వెనక్కు పిలవలేమని వారి భయం. సాటి శాస్త్రజ్ఞులు చాలామంది కోపగించుకున్నారు. కేంబ్రిడ్జి పురపాలక సంఘం కొన్ని నెలలు పని ఆపించి, మామూలు పౌరులతో ఒక కమిటీ వేసి, 1977లో షరతులతో అనుమతి ఇచ్చింది. భయపడినంత కీడు జరగలేదు.

వాల్డ్ 1997 ఏప్రిల్ 12న 90 ఏళ్ళ వయసులో కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. ఆర్.పి.ఇ.65 లోపం సంగతి అచ్చయింది అదే ఏడాది. 2001లో ఆ లోపంతో పుట్టిన గుడ్డి కుక్కలకు మంచి జన్యువును ఒక నిరపాయమైన వైరసు మీద ఎక్కించి రెటినా కింద సూదితో పెడితే చూపు వచ్చింది. తర్వాత మనుషులపై పరీక్షలు జరిగాయి. జీన్ బెనెట్, ఆల్బర్ట్ మగ్వైర్ మొదలైనవారు ఫిలడెల్ఫియాలో చేసిన కృషి ఫలితంగా 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ వైద్యాన్ని అనుమతించింది. వంశపారంపర్యపు కంటి జబ్బుకు అక్కడ అనుమతి పొందిన మొదటి జన్యువైద్యం అది. వాల్డ్, హబ్బర్డ్ గీసిన గొలుసులో తెగిన లంకెను, వారు వద్దన్న విద్యతోనే అతికారు!

దీనినిబట్టి ఆయన పొరబడ్డాడని తేల్చేయవచ్చు. నాకు మాత్రం అంత తేలికగా తోచదు. ఆయన అడిగినది ఇది ఎవరి ఊళ్ళో, ఎవరి అనుమతితో, ఎవరి మేలుకు అని. మొదటి రెండు ప్రశ్నలకు ఆ పట్నం జవాబు వెదుక్కున్నది. షరతులు వచ్చాయి, జాగ్రత్తలు వచ్చాయి. మూడవ ప్రశ్న ఇంకా నిలబడే ఉన్నది. ఆ జన్యువైద్యానికి అమెరికాలో పెట్టిన ధర రెండు కళ్ళకూ కలిపి 8 లక్షల 50 వేల డాలర్లు. ఎకరాల లెక్కన సాగుచేసుకునే మా ఊరి కుటుంబాలు అన్నీ కలిసి భూములమ్మినా ఒక్క బిడ్డకు సరిపోతుందో లేదో.

గొలుసు ఒకటే. దాని ఒక కొసన పెరటి మునగచెట్టు ఉంది, మరొక కొసన కోట్ల రూపాయల సూదిమందు ఉంది. రెండవ కొసను అందుబాటులోకి తేవడం రాబోయే పరిశోధకుల పని, వారిలో మన కాలేజీవారూ ఉండవచ్చు. మొదటి కొస కోసం పరిశోధన అక్కరలేదు. ఆకుకూరలోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె వేసి వండాలని తల్లులకు చెప్పాలి. ఆరు నెలలకొకసారి వేయవలసిన ద్రావకం వీధి చివరి గుడిసెలోని బిడ్డకూ అందిందో లేదో కనుక్కోవాలి. ఎన్.ఎస్.ఎస్. క్యాంపులకు పల్లెలకు వెళ్ళే మిత్రులు అంగన్‌వాడీలో ఉన్న రిజిస్టరు ఒకసారి చూపించమని అడిగితే సరిపోతుంది. దీపం పెట్టే వేళకు గోడ పట్టుకుని నడుస్తున్న పిల్లవాడు కనిపిస్తే ఆ రాత్రే ఇంటివారితో మాట్లాడాలి. ఎందుకంటే ఆప్సిన్ ఎక్కువ రోజులు కాచుకుని కూర్చోదు.